బ్యాలెట్ మీద కనిపించని పార్టీ

తెలంగాణలో సర్పంచ్ ఎన్నికకు వాడే గులాబీ రంగు బ్యాలెట్ పత్రం మీద అభ్యర్థి పేరు ఉండదు. ఉంగరం, కత్తెర, బ్యాటు, ఫుట్‌బాల్ లాంటి బొమ్మలు వరుసగా ఉంటాయి, చివర్లో నోటా ఉంటుంది. ఉపసంహరణల గడువు ముగిశాక పోటీలో మిగిలినవాళ్ల పేర్లను తెలుగు అక్షరమాల ప్రకారం పేర్చి, రాష్ట్ర ఎన్నికల సంఘం ముందే ఖరారు చేసిన గుర్తులను ఆ వరుసలోనే కేటాయిస్తారు. నాకు ఫలానా గుర్తు కావాలని అడిగే వీలు ఎవరికీ లేదు. చెయ్యి, కారు, కమలం, సైకిల్, ఫ్యాను ఈ పత్రం మీదికి రావు. ఆంధ్రప్రదేశ్‌లోనూ పద్ధతి ఇదే. గ్రామ పంచాయతీ ఎన్నిక రెండు రాష్ట్రాల్లోనూ చట్టప్రకారం పార్టీ రహితం.

ఓట్ల లెక్కింపు మొదలైన గంటకే టీవీ తెర మీద పార్టీలవారీ పట్టిక కనిపిస్తుంది. కాంగ్రెస్ ఇన్ని, బీఆర్ఎస్ ఇన్ని, బీజేపీ ఇన్ని, ఇతరులు ఇన్ని. మర్నాటి పత్రికల్లో ‘మద్దతుదారులు’, ‘బలపరిచిన అభ్యర్థులు’ అనే రెండు మాటలు ఆ పట్టికకు అండగా నిలుస్తాయి. ఈ అంకెలు ఎన్నికల సంఘం ఇచ్చినవి కావు. ఇవ్వాలనుకున్నా ఇచ్చే వీలు లేదు, ఎందుకంటే ఏ అభ్యర్థి ఏ పార్టీ మనిషో నమోదు చేసే కాగితం దాని దగ్గర లేదు. నియోజకవర్గ కార్యాలయాల నుంచి ఫోన్లలో వచ్చిన జాబితాలు, స్థానిక విలేకరుల అంచనాలు, పార్టీల ప్రకటనలు కలిస్తే ఆ పట్టిక తయారవుతుంది.

అంటే పార్టీని ఊరి ఎన్నిక నుంచి తప్పించాలన్న నిబంధన చేయగలిగింది ఒక్కటే. పార్టీ అక్కడ చేసే పనుల కింద దాని సంతకం లేకుండా చేసింది. పల్లెల్లో పార్టీ రాజకీయం మంచిదా చెడ్డదా అన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది. ఈ సంతకం లేకపోవడం వల్ల ఎవరికి కలిసొచ్చిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

నిబంధన వెనుక ఉన్న ఆలోచనను తేలిగ్గా తీసిపారేయనక్కర్లేదు. స్వాతంత్ర్యోద్యమ కాలపు గ్రామ స్వరాజ్య భావన, ఆ తర్వాత వినోబా భావే, జయప్రకాశ్ నారాయణ్ చెప్పిన పార్టీ రహిత ప్రజాస్వామ్యం దీనికి పునాది. మంచినీళ్లు, మురుగుకాలువ, వీధి దీపం లాంటి పనులకు సిద్ధాంతాలతో ఏం సంబంధం, పార్టీలు వస్తే ఊరు రెండుగా చీలుతుంది కదా అన్నది వాదన. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిన రోజుల్లో ఈ వాదనకు గట్టి బలం ఉండేది. అయితే 1978లో నివేదిక ఇచ్చిన అశోక్ మెహతా కమిటీ ఇందుకు విరుద్ధంగా, పార్టీలు పంచాయతీ ఎన్నికల్లో అన్ని స్థాయిల్లోనూ బహిరంగంగా పాల్గొనాలని సిఫార్సు చేసింది. తెలుగు రాష్ట్రాలు మధ్యేమార్గం పట్టాయి. మండల, జిల్లా పరిషత్తులకు పార్టీ గుర్తులు, గ్రామ పంచాయతీకి మాత్రం స్వతంత్ర గుర్తులు. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడులలోనూ గ్రామ స్థాయి పార్టీ రహితమే. కేరళ, పశ్చిమ బెంగాల్‌లలో అన్ని స్థాయిలూ పార్టీలవే.

పార్టీలు వస్తే ఊరు చీలుతుందన్న మాటలో ఒక భ్రమ ఉంది. చీలని ఊరు ఎప్పుడూ లేదు. రెండు పెద్ద కుటుంబాల మధ్య పాత వైరం, చెరువు కింద ఆయకట్టు తగాదా, కులాల దూరం, రాయలసీమలోనైతే ముఠాలు, ఇవన్నీ పార్టీ జెండాల కంటే ముందునుంచే ఉన్నాయి. పార్టీ వచ్చి ఆ చీలికలకు పేర్లు పెట్టింది. ఒక వర్గం ఒక పార్టీలోకి వెళ్లిన మరుసటి రోజే రెండో వర్గం ఎదుటి పార్టీలోకి వెళ్లడం వెనుక సిద్ధాంతం వెతికితే దొరకదు.

రిజర్వేషన్ల జాబితా వచ్చిన రోజు

ఊళ్లో ఎన్నికల కాలం నోటిఫికేషన్‌తో మొదలుకాదు, రిజర్వేషన్ల జాబితాతో మొదలవుతుంది. అప్పటివరకు ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఆశావహులు ఉంటారు. గుడి ఉత్సవానికి చందా, యువజన సంఘానికి క్రికెట్ కిట్లు, చావు ఇంటికి ఖర్చులు, ఆసుపత్రికి కారు, ఇలా రెండు మూడేళ్లుగా పెట్టుబడి పెడుతూ వస్తారు. జాబితాలో ఊరు మహిళకు రిజర్వ్ అయితే ఆశావహుడి భార్యో తల్లో అభ్యర్థి అవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు మహిళలవే కాబట్టి ఇది అరుదైన విషయం కాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకు రిజర్వ్ అయితే అప్పటిదాకా పెత్తనం చేసిన కుటుంబం తనకు విధేయుడైన మనిషిని ఆ వర్గంలో వెతుకుతుంది. ఎదుటి వర్గమూ అదే చేస్తుంది. రిజర్వేషన్ వల్ల నిజంగా కొత్త నాయకత్వం పుట్టిన ఊళ్లు ఉన్నాయి, వాటిని కాదనలేం. కానీ అభ్యర్థి ఎంపికలో పార్టీ పాత్ర పెరిగేది సరిగ్గా ఇక్కడే. ఆశావహుల లెక్కలన్నీ ఒక్కరోజులో తారుమారైనప్పుడు మధ్యవర్తిగా ఎవరో ఒకరు కావాలి.

ఆ మధ్యవర్తి పార్టీ మండల అధ్యక్షుడు. గ్రామ శాఖ అధ్యక్షుడు పేర్లు పంపుతాడు, మండల నాయకుడు వాటిని వడకడతాడు, చివరి మాట ఎమ్మెల్యేదో నియోజకవర్గ ఇన్‌ఛార్జిదో అవుతుంది. ఇది ఎక్కడా రాసి ఉండదు గానీ ఏ పార్టీలో చూసినా వరుస ఇదే. 2025లో తెలంగాణలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల ఉత్తర్వుపై హైకోర్టు స్టే ఇచ్చి, మొత్తం రిజర్వేషన్లు 50 శాతం లోపలే ఉండేలా పంచాయతీ ఎన్నికలు జరపాల్సి వచ్చినప్పుడు, పార్టీపరంగా బీసీలకు 42 శాతం స్థానాలు ఇస్తామని అధికార కాంగ్రెస్ చెప్పింది. పార్టీ టికెట్ అనేదే లేని ఎన్నికలో పార్టీ తన వాటాను ఇంత శాతమని ప్రకటించింది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. అభ్యర్థిని ఎంపిక చేసేది పార్టీయేనని అందరికీ తెలుసు, నటించాల్సిన అవసరం కూడా ఎప్పుడో పోయింది.

బీ ఫారం లేని చోట

అసెంబ్లీ ఎన్నికల్లో పార్టీ నిర్ణయానికి ఒక కాగితం ఉంటుంది. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం, పార్టీ తరఫున సంతకం చేసే అధికారం ఎవరిదో ‘ఏ’ ఫారం చెబుతుంది, అభ్యర్థి ఎవరో ‘బీ’ ఫారం చెబుతుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా ఈ రెండూ రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఆ కాగితం దొరకనివాడు పోటీకి దిగితే రెబెల్ అవుతాడు, వేరే గుర్తు తీసుకుంటాడు, పార్టీ అతన్ని సస్పెండ్ చేస్తుంది. ఎవరు అసలు, ఎవరు తిరుగుబాటు అన్నది ఓటరుకు స్పష్టంగా తెలుస్తుంది. ఓడితే ఆ ఓటమి పార్టీ ఖాతాలో పడుతుంది.

పంచాయతీలో ఆ కాగితం లేదు. ఒకే పార్టీకి చెందిన ఇద్దరు పోటీలో ఉంటే ఒకరికి ఉంగరం, మరొకరికి కత్తెర. ఇద్దరి కరపత్రాల మీదా ఒకే ఎమ్మెల్యే ఫొటో ఉన్నా ఆపడం కష్టం, ఇద్దరూ ఆయన ఆశీస్సులు తమకే ఉన్నాయని చెప్పుకుంటారు. నామినేషన్లకూ ఉపసంహరణకూ మధ్య ఉన్న కొద్ది రోజుల్లో బుజ్జగింపులు జోరుగా సాగుతాయి. ఒకరికి ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యత్వం) టికెట్ మీద మాట, ఒకరికి సొసైటీ డైరెక్టర్ పదవి, ఒకరికి అప్పటిదాకా పెట్టిన ఖర్చు తిరిగి ఇప్పించే హామీ. మాట వినని ఊళ్లలో ఎమ్మెల్యే ముందు రెండు దారులు ఉంటాయి. ఒకరి పక్షాన నిలబడి మరొకరిని శత్రువును చేసుకోవడం మొదటిది. ఇద్దరికీ విడివిడిగా ‘గెలిచి రండి, చూద్దాం’ అని చెప్పి ఊరుకోవడం రెండోది. రెండో దారిలో నష్టం లేదు. ఎవరు గెలిచినా కండువా సిద్ధంగా ఉంటుంది.

ఈ ఒక్క వెసులుబాటు పంచాయతీ ఎన్నికల లెక్కనే మార్చేస్తుంది. పోటీకి ముందు అభ్యర్థిని ప్రకటించాల్సిన అవసరం లేని పార్టీ, ఫలితం చూసుకుని గెలిచినవాణ్ని తన అభ్యర్థిగా ప్రకటించగలదు. ఓడినవాడు ‘మా పార్టీ సానుభూతిపరుడే గానీ మేం నిలబెట్టలేదు’ అవుతాడు. అధికారంలో ఉన్న పార్టీకి ఇది రెట్టింపు లాభం, ఎందుకంటే గెలిచిన స్వతంత్రులు చేరడానికి వెతుక్కుంటూ వచ్చేది దాని గుమ్మానికే. ప్రతిపక్షానికీ ఇందులో చిన్న లాభం ఉంది, అభ్యర్థులు దొరకని ఊళ్ల సంగతి బయటపడదు. పార్టీ గుర్తుల మీద జరిగే ఎన్నికలో ఖాళీ స్థానాలు లెక్కకు వచ్చేస్తాయి. ఇక్కడ ఎవరో ఒక అసంతృప్తుడు నిలబడి కొన్ని ఓట్లు తెచ్చుకుంటే అవి తమవేనని చెప్పుకోవచ్చు.

రాష్ట్ర స్థాయిలో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకునే పార్టీల మనుషులు ఊళ్లో ఒకే ప్యానెల్‌గా కలిసిపోవడం కూడా పార్టీ గుర్తు లేనందువల్లే సాధ్యమవుతుంది. సర్పంచ్ ఒక పార్టీ, ఉపసర్పంచ్ మరో పార్టీ, వార్డులు సగం సగం అని పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుకుంటారు. దీన్ని అవకాశవాదమని కొట్టిపారేయడం తొందరపాటు. బంధుత్వాలు, నీటి వాటాలు, పొలం గట్లు పంచుకున్న మనుషులు ఐదేళ్లు ఒకే చోట బతకాలి. పార్టీ రహిత నిబంధన కోరుకున్న ఊరి సఖ్యత ఎక్కడైనా మిగిలి ఉందంటే అది ఇలాంటి ఒప్పందాల్లోనే ఉంది. పార్టీల పైస్థాయి నాయకులు వీటిని చూసీ చూడనట్టు వదిలేస్తారు, లెక్కల్లోకి వచ్చేసరికి ఆ సర్పంచిని రెండు పార్టీలూ తమ ఖాతాలోనే వేసుకుంటాయి.

ఏకగ్రీవం వెనుక

పోటీయే లేకుండా ఎన్నిక ముగిస్తే ఊరికి ప్రోత్సాహక నిధులు ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ చాలాకాలంగా ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రకటించింది. ఆలోచన మంచిదిగానే కనిపిస్తుంది, ఎన్నిక ఖర్చూ కొట్లాటా తప్పుతాయి. కానీ ప్రభుత్వాన్ని నడిపేది ఒక పార్టీ అయినప్పుడు, పోటీ లేకుండా చేస్తే డబ్బిస్తామన్న మాట ఊళ్లో ఎవరి చేతికి బలం ఇస్తుందో ఊహించడం కష్టం కాదు. నామినేషన్ వేయబోతున్న బలహీనుడికి ‘ఊరికొచ్చే నిధులు నీవల్ల పోతాయి’ అని చెప్పడానికి ఒక నైతిక కారణం దొరుకుతుంది. ఆ ఏడాది మొదటి విడతలో చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాల సంఖ్య అసాధారణంగా ఉందంటూ, పరిశీలన ముగిసేదాకా వాటి ఫలితాలు ప్రకటించవద్దని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ ఆదేశించారు. తర్వాత అవి ఖరారయ్యాయి. ఎవరైనా బెదిరించారా, ఎవరు బెదిరించారన్నది అధికార పత్రాల్లో తేలడం కష్టం, ఎందుకంటే ఉపసంహరణ పత్రం మీద ఉండేది అభ్యర్థి సంతకమే.

ఏకగ్రీవాల్లో మరో రకం వేలం. సర్పంచ్ పదవికి ఎక్కువ మొత్తం పాడినవారిని ఊరు ఒప్పుకుంటుంది, ఆ డబ్బు గుడికో బడికో వెళుతుంది. చట్టం దీన్ని ఒప్పుకోదు, ఎన్నికల సంఘం ప్రతిసారీ హెచ్చరిస్తుంది, ప్రతిసారీ వార్తల్లోకి ఎక్కుతుంది. వేలం జరిగిన ఊళ్లో పార్టీ పాత్ర తక్కువని అనిపించవచ్చు. పాడినవాడు గెలిచాక వెళ్లేది మాత్రం ఎమ్మెల్యే దగ్గరికే.

ఖర్చు ఎవరి ఖాతాలో

తెలంగాణలో 5,000 కంటే ఎక్కువ జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి రెండున్నర లక్షల రూపాయలు, అంతకు తక్కువ ఉన్న చోట లక్షన్నర. వార్డు సభ్యులకు 50 వేలు, 30 వేలు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. హైదరాబాద్ చుట్టుపక్కల, జాతీయ రహదారుల పక్కన భూముల ధరలు పెరిగిన పంచాయతీల్లో ఈ పరిమితి గురించి మాట్లాడితే ఊళ్లో నవ్వుతారు. వలస వెళ్లిన ఓటర్లను నగరాల నుంచి కార్లలో రప్పించడానికే అంతకంటే ఎక్కువ అవుతుంది. కొన్ని వందల ఓట్లున్న వార్డులో ఇరవై ముప్పై మంది రావడం, రాకపోవడం గెలుపోటములను తేల్చేస్తుంది కాబట్టి ఆ ఖర్చును ఎవరూ తగ్గించుకోరు.

అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ చేసే ఖర్చుకు పరిమితి లేదు, అయినా పార్టీ తన ఖర్చును కేంద్ర ఎన్నికల సంఘానికి నివేదించాలి. పంచాయతీకి వచ్చేసరికి ఆ మాత్రం నివేదిక కూడా లేదు. ఎమ్మెల్యే తన మనుషులకు ఇచ్చే సాయం, మండల నాయకుడు సర్దుబాటు చేసే మొత్తం, కాంట్రాక్టర్లు పెట్టే పెట్టుబడి, ఇవేవీ ఏ పార్టీ పద్దులోకీ ఎక్కవు. కాగితం మీద పార్టీ ఈ ఎన్నికలో పాల్గొననేలేదు మరి. నిజానికి ఎక్కువమంది అభ్యర్థులకు పార్టీ నుంచి అందేది మాట సాయమే. ఖర్చులో సింహభాగం వాళ్ల సొంతం, అంటే పొలం తాకట్టు, వడ్డీ అప్పు. ఓడినవాడు ఐదేళ్లు తీర్చుకుంటాడు. గెలిచినవాడి సంగతి కూడా అంత సుఖం కాదు, దానికి తర్వాత వద్దాం.

ప్రచారానికి వారం రోజులు మించి దొరకదు. సర్పంచ్‌కు ఒక గుర్తు, వార్డు సభ్యుడికి మరో గుర్తు, రెండు పత్రాలు రెండు రంగులు. ఏళ్ల తరబడి చెయ్యికో కారుకో అలవాటు పడిన వృద్ధురాలికి ఈసారి ఉంగరం, వార్డుకు గ్యాస్ పొయ్యి అని గుర్తుపెట్టించాలి. నమూనా బ్యాలెట్లు అచ్చువేయించడం, ఇంటింటికీ తిరిగి మళ్లీ మళ్లీ చూపించడం, ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు, ఎవరు ఎటు అన్న జాబితా రోజూ సరిచూసుకోవడం, ఈ పనులన్నిటికీ మనుషులు కావాలి. అసెంబ్లీ ఎన్నికల్లో బూత్ కమిటీలో పనిచేసినవాళ్లే మళ్లీ దిగుతారు. పార్టీ జెండా కట్టకూడదు, గుర్తు వాడకూడదు అంటే వాటిని పక్కన పెట్టి మిగతా యంత్రాంగాన్నంతా యథాతథంగా వాడుకుంటారు. పంచాయతీ ఎన్నికలు పార్టీలకు ఒకరకంగా కవాతు, తమ బూత్ స్థాయి మనుషుల్లో ఎవరు మిగిలారు, ఎవరు జారిపోయారు అన్నది ఇక్కడే తెలుస్తుంది.

ఫలితం రోజు సాయంత్రం

తెలంగాణలో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు పోలింగ్, 2 గంటల నుంచి లెక్కింపు. సర్పంచ్ ఎవరో తేలగానే అదే రోజు వార్డు సభ్యులు చేతులెత్తి ఉపసర్పంచిని ఎన్నుకుంటారు. ఈ చివరి ఘట్టాన్ని బయటివాళ్లు పట్టించుకోరు గానీ అసలు బేరసారాలు ఇక్కడే సాగుతాయి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెక్కుల మీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలని పెట్టింది. దాంతో ఒకప్పుడు అలంకారప్రాయంగా ఉన్న పదవికి ధర పలకడం మొదలైంది. సర్పంచ్ ఒక వర్గం, వార్డుల్లో మెజారిటీ మరో వర్గం అయిన ఊళ్లలో లెక్కింపు కేంద్రం లోపలే ఇద్దరు ముగ్గురు వార్డు సభ్యుల చుట్టూ జనం మూగుతారు.

రాత్రికి కార్లు నియోజకవర్గ కేంద్రం వైపు కదులుతాయి. ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయంలో కండువా, శాలువా, ఫొటో. ఆ ఫొటోయే పార్టీకి దొరికే ఏకైక ధ్రువపత్రం. ఫొటో దిగిన సర్పంచ్ పదిరోజుల తర్వాత మరో పార్టీ కండువాతో ఇంకో ఫొటో దిగినా చట్టం అడ్డుపడదు. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు చట్టసభలకే. మండల పరిషత్ అధ్యక్షుడి ఎన్నికలో పార్టీ ఆదేశాన్ని (విప్) ధిక్కరించిన ఎంపీటీసీ పదవి పోగొట్టుకుంటాడు, గ్రామ సర్పంచికి అలాంటి భయం లేదు.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగాయి. చివర్లో వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం తమ మద్దతుదారులు గెలిచిన శాతాలను ప్రకటించుకున్నాయి. రెండూ కూడితే వంద దాటింది. ఎవరో ఒకరు అబద్ధం చెప్పారనుకోవడం సహజం. అంతకంటే సరళమైన వివరణ ఉంది. ఒకే మనిషిని ఇద్దరూ లెక్కేసుకున్నారు, ఆ మనిషి కూడా ఇద్దరికీ కాదని చెప్పలేదు. విడతల మధ్య నాలుగు రోజుల వ్యవధి ఉండడం వల్ల ఈ ప్రకటనలకు ప్రచార విలువ కూడా ఉంది. మొదటి విడతలో గాలి తమవైపే వీచిందని నమ్మిస్తే రెండో విడతలో ఊగిసలాడే వర్గాలు కదులుతాయి.

కండువా మారడానికి అసలు కారణం

సర్పంచులు అధికార పార్టీ వైపు జరగడాన్ని నీతి కోణంలో చూసి ఊరుకునే వ్యాఖ్యానాలు చాలా వస్తాయి. నిధుల దారి చూస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. పంచాయతీకి సొంతంగా వచ్చే ఇంటిపన్ను చిన్న ఊళ్లలో కరెంటు బిల్లులకు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలకు చాలదు. 2021-26 కాలానికి కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపడి ఉండేది, మిగిలిన 40 శాతంలోనే సర్పంచికి కొంత స్వేచ్ఛ. ఊళ్లో కంటికి కనిపించే పనులు, అంటే సిమెంటు రోడ్డు, కాలువ, భవనం, ఇన్నేళ్లూ ఉపాధి హామీ మెటీరియల్ నిధులతోనో ఎమ్మెల్యే నియోజకవర్గ నిధులతోనో వచ్చాయి. అవి మంజూరు కావాలంటే ఎమ్మెల్యే సిఫార్సు కావాలి. పని పూర్తయ్యాక బిల్లు రావడానికి మళ్లీ తిరగాలి.

బిల్లుల బాధ ఏ ఒక్క పార్టీ ప్రభుత్వానికో పరిమితం కాదు. తెలంగాణలో 2019లో గెలిచిన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిశాక, చేసిన పనుల బకాయిలు ఇవ్వాలంటూ మాజీలు హైదరాబాద్ దాకా వచ్చి నిరసన తెలిపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో గెలిచినవాళ్లు ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద మళ్లించారని రోడ్డెక్కారు. వాళ్లలో చాలామంది అప్పటి అధికార పార్టీ మద్దతుదారులుగా లెక్కకు ఎక్కినవాళ్లే. సొంత డబ్బుతో, అప్పుతో రోడ్డు వేయించిన సర్పంచి తన పార్టీ ఓడిపోతే ఏం చేస్తాడు? బిల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గరికి వెళతాడు. దాన్ని అమ్ముడుపోవడం అనడానికి ముందు ఆ అప్పు మీద నెలనెలా పెరిగే వడ్డీని లెక్కేయాలి.

ఎన్నిక ఎప్పుడు జరపాలన్నది కూడా పార్టీల చేతిలో ఆయుధమే. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243ఈ అధికరణం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గడువు ముగిస్తే ఎన్నికలు 2013 జులైలో జరిగాయి. వాటి గడువు 2018లో ముగిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 2021 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ రాష్ట్ర ప్రభుత్వానికీ ఎన్నికల కమిషనర్‌కూ మధ్య వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ఖాళీ అయిన కుర్చీలు 2025 డిసెంబరులో 11, 14, 17 తేదీల్లో జరిగిన పోలింగ్‌తో నిండాయి. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో మధ్యలో కేంద్ర గ్రాంట్లు ఆగిపోయాయి, ప్రత్యేకాధికారులు నడిపారు. కోర్టు కేసులు, రిజర్వేషన్ల చిక్కులు, కరోనా, కారణాలు నిజమైనవే. అయితే అధికారంలో ఉన్న పార్టీ ఏదైనా తన క్యాడర్ కుదురుకోని సమయంలో పంచాయతీ ఎన్నికలకు తొందరపడిన దాఖలా కనిపించదు.

గుర్తులు ఇచ్చేస్తే సరిపోతుందా

ఇంత ముసుగు ఎందుకు, పార్టీ గుర్తులే ఇచ్చేయండి అన్న వాదనకు పశ్చిమ బెంగాల్ అనుభవం ఒక హెచ్చరిక. అక్కడ 1978 నుంచి పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతోనే జరుగుతున్నాయి. 2018లో దాదాపు 34 శాతం స్థానాల్లో పోటీయే జరగలేదు, హింస దేశమంతా వార్త అయింది. కేరళలో అవే గుర్తులు, అవే పార్టీలు, కానీ గట్టి పోటీ, స్థానిక సంస్థలకు నిజమైన నిధులు, అధికారాలు. తేడా గుర్తులో లేదన్నమాట. మన పరిషత్ ఎన్నికలు కూడా అదే చెబుతాయి. 2019లో తెలంగాణలో పార్టీ గుర్తులతో జరిగిన ఎన్నికల తర్వాత 32 జిల్లా పరిషత్తులూ అధికార టీఆర్ఎస్‌కే దక్కాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం బహిష్కరణ ప్రకటించిన ఎన్నికల్లో 13 జిల్లా పరిషత్తులూ అధికార వైఎస్సార్ కాంగ్రెస్‌కే వెళ్లాయి. బహిరంగంగా పార్టీలు పోటీ పడినంత మాత్రాన స్థానిక సంస్థ రాష్ట్ర ప్రభుత్వ నీడ నుంచి బయటపడలేదు.

అందుకని గుర్తులు కావాలా వద్దా అన్న పాత తగవును పక్కన పెట్టి, ఉన్న నిబంధనలోనే ఒక చిన్న మార్పు గురించి ఆలోచించవచ్చు. నామినేషన్ పత్రంలో ఏ పార్టీలోనైనా సభ్యత్వం ఉందా, ఏదైనా పదవిలో ఉన్నారా అన్న ఒక గడి చేర్చడం. గుర్తు ఉంగరమే ఉంటుంది, ఊరి ఒప్పందాలకు అడ్డు రాదు, స్వతంత్రుడు స్వతంత్రుడినని రాసుకోవచ్చు. దాంతోపాటు పంచాయతీ ఎన్నికల్లో తమ మద్దతుదారులు ఇంతమంది గెలిచారని ప్రకటించే పార్టీ, వాళ్ల పేర్ల జాబితాను, వాళ్లకు చేసిన ఖర్చును రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఇవ్వాలని షరతు పెట్టడం. ఖర్చు సున్నా అని రాసినా ఫరవాలేదు, రాసి సంతకం చేయాలి. ఇలాంటి గడి 2021లోనే ఉండి ఉంటే రెండు పార్టీల శాతాలను నామినేషన్ పత్రాలతో పోల్చి చూడగలిగేవాళ్లం. ఒకే ఊళ్లో ఒకే పార్టీ సభ్యులు ముగ్గురు నిలబడితే అదీ తెలిసేది. గెలిచాక కండువా మార్చుకున్న సర్పంచి మొదట ఏం రాశాడో ఊరివాళ్లు మండల కార్యాలయంలో అడిగి చూసుకునేవాళ్లు. దీనికి పెద్ద చట్ట సవరణ అవసరం లేకపోవచ్చు, కావలసింది శాసనసభలో అన్ని పార్టీల ఒప్పుదల. ఇప్పటి పద్ధతిలో ప్రతి పార్టీకీ ఏదో ఒక లాభం ఉంది కాబట్టి, ఆ ప్రతిపాదనను ముందుగా సభలో పెట్టేందుకు ఏ పార్టీకీ తొందర లేదు.